టమాటా, జామ, మామిడికి తినదగిన పూత: ఇంట్లో, తోట దగ్గర సరిగ్గా వేసుకునే పద్ధతి

తినదగిన పూత ఎలా వేయాలని ఎండకాలం మొదలైన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నారు. వీడియోలు చూసి చేసినవాళ్ల ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. కాయ జిగటగా అయింది, మీద తెల్లగా పొట్టు లేచింది, కోస్తే పులిసిన వాసన వచ్చింది. వీటిలో చాలావరకు పదార్థం తప్పు కాదు. పూతకు ముందు చేయాల్సిన పని చేయకపోవడం, పూత మందంగా వేయడం అసలు కారణాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట తెలిస్తే చాలు. మక్కల నుంచి వచ్చే స్టార్చ్, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ లాంటి బయోపాలిమర్లు (మొక్కలు, నాచు లాంటి జీవుల నుంచి దొరికే, పొరలా ఆరే పదార్థాలు) కాయ మీద సన్నటి పొరగా ఆరిపోతాయి. ఆ పొర గాలి రాకపోకలను తగ్గిస్తుంది. కాయ శ్వాస నెమ్మదిస్తుంది, పండటం ఆలస్యమవుతుంది. అంతే. కుళ్లు మొదలైన కాయను ఈ పూత బాగుచేయదు. వారం ఉండే కాయ రెండు నెలలు ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

## 1. దేనికి వేయాలి, దేనికి వద్దు

నున్నటి తొక్క ఉన్నవాటికి పూత బాగా పడుతుంది: టమాటా, జామ, మామిడి, క్యాప్సికం, నిమ్మ. కోసిన బొప్పాయి, జామ ముక్కలకు వేరే పద్ధతి ఉంది, అది 6వ భాగంలో చెప్పాను.

ఆకుకూరలు, బెండకాయ, పుట్టగొడుగులకు వేయొద్దు. తడి ఇంకిపోయి పాడవుతాయి.

ఏనుమాముల మార్కెట్‌కు తెచ్చే ఎండుమిర్చికి వేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు. ఎండుమిర్చిలో తేమ 10, 11 శాతం దగ్గర ఉండాలి. దాని మీద ఏ ద్రవం చల్లినా బూజుకు పిలుపే. బూజుతో అఫ్లాటాక్సిన్ విషం వచ్చే ప్రమాదం ఉంది. మిర్చికి బాగా ఎండబెట్టడం, కోల్డ్ స్టోరేజ్ తప్ప దగ్గరి దారి లేదు.

సకినాలు, గారెప్పల సంగతీ అంతే. స్టార్చ్ పొర ఆక్సిజన్‌ను కొంత ఆపుతుంది కానీ గాలిలోని తేమను ఆపలేదు, కరకర పోతుంది. వాటికి మూత గట్టిగా పడే డబ్బానే మేలు.

## 2. సామాను: కొనేటప్పుడు చూడాల్సినవి

ఈ భాగం తొందరగా దాటేయకండి. పేరు ఒకటే, గ్రేడ్ వేరు అన్న సరుకులు మార్కెట్లో చాలా ఉన్నాయి.

కార్న్‌ఫ్లోర్: తెల్లగా, మెత్తగా ఉండే మక్క స్టార్చ్ కావాలి. రొట్టెలకు వాడే పసుపు మక్కపిండి పనికిరాదు. బట్టలకు పెట్టే గంజి పౌడర్ అసలే వద్దు, దాంట్లో తినకూడనివి కలుపుతారు.

గ్లిజరిన్: ఆరిన పొర పెళుసుగా పగలకుండా ఉండటానికి. లేబుల్ మీద ఫుడ్ గ్రేడ్ అని గానీ ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణం) అని గానీ ఉన్న సీల్డ్ సీసా తీసుకోండి. లూజుగా అమ్మేది కొనొద్దు. గ్లిజరిన్‌లో డై ఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కల్తీ అయ్యి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

సోడియం ఆల్జినేట్: బట్టల మీద రంగు ప్రింటింగ్‌కు వాడే ఆల్జినేట్ కూడా ఉంటుంది. అది చవక, తినడానికి కాదు. ప్యాకెట్ మీద ఫుడ్ గ్రేడ్ అనీ ఐ.ఎన్.ఎస్. 401 అనీ ఉండాలి (ఐ.ఎన్.ఎస్. అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య).

క్యాల్షియం క్లోరైడ్: ఇదీ ఫుడ్ గ్రేడే, ఐ.ఎన్.ఎస్. 509. సైన్స్ సామాను దుకాణంలో దొరికే ఎల్.ఆర్. గ్రేడ్ ల్యాబ్ ప్రయోగాలకు, వంటకు కాదు.

నీళ్లు: మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టివి. అందులోని క్యాల్షియం తగిలితే ఆల్జినేట్ అక్కడికక్కడే ఉండలు కడుతుంది. 'ఎంత కలిపినా కరగట్లేదు' అనేవాళ్లలో చాలామందికి ఇదే సమస్య. ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చుకోండి.

ఇవి కాక దగ్గర పెట్టుకోవాల్సినవి:

- గ్రాము దాకా చూపే చిన్న తూకం మెషిన్
- వంట థర్మామీటర్ (చేతితో వేడి చూసి అంచనా వేయొద్దు)
- స్టీలు గిన్నెలు, గరిటె, పలుచటి బట్ట
- కాయలు ఆరబెట్టడానికి జాలీ లేదా చిల్లుల క్రేట్
- టేబుల్ ఫ్యాన్

## 3. కాయను సిద్ధం చేయడం

పూత ఎంత బాగా పనిచేస్తుందన్నది ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది.

సరైన దశలో కోయండి. పండిన కాయకు పూత వేసి లాభం లేదు. టమాటా అడుగున కొద్దిగా రంగు తిరిగినప్పుడు, జామ ముదురు ఆకుపచ్చ నుంచి లేత రంగుకు మారుతున్నప్పుడు, మామిడి భుజాలు నిండి తొడిమ దగ్గర గుంట పడ్డప్పుడు తీసుకోవాలి. మామిడి ముదిరిందో లేదో అనుమానం ఉంటే నీళ్లలో వేసి చూడండి. ముదిరిన కాయ మునుగుతుంది. లేతకాయకు పూత వేస్తే పండకుండానే ముడతలు పడుతుంది.

మామిడి సొన కార్చండి. జగిత్యాల చల్‌గల్ మార్కెట్‌కు వెళ్లే కాయలో మచ్చ పడితే ధర ఎంత పడిపోతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. జానెడులో సగం పొడవు తొడిమతో కోసి, తర్వాత తొడిమ చిన్నగా కత్తిరించి, కాయను తలకిందులుగా జాలీ మీద పెట్టి సొన పూర్తిగా కారనివ్వండి. సొన తొక్క మీద ఉండగా పూత వేస్తే ఆ మరక పొర కింద అలాగే ఉండిపోతుంది.

కాయ వేడి తగ్గనివ్వండి. మే నెలలో మధ్యాహ్నం తోటలోంచి వచ్చిన కాయ లోపల చాలా వేడిగా ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని తొడిమ గుంటలోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. ఆ నీటితో పాటు సూక్ష్మజీవులూ పోతాయి. టమాటాలో ఇది మరీ ఎక్కువ. తెల్లవారుజామున కోయండి, లేదా నీడలో కొన్ని గంటలు ఉంచండి. కడిగే నీళ్లు కాయకంటే చల్లగా ఉండకూడదు, కొంచెం వెచ్చగా ఉన్నా ఫర్వాలేదు.

ఏరండి. గాటు, పురుగు కన్నం, మెత్తబడ్డ మచ్చ ఉన్నవి పక్కన పెట్టేయండి. మనసొప్పక ఒక్కటి కలిపితే ముంచే గిన్నెలోని ద్రవమంతా పాడవుతుంది.

కడిగి, శుద్ధి చేయండి. ముందు మామూలు నీళ్లతో మట్టి పోయేలా కడగండి. తర్వాత 10 లీటర్ల శుభ్రమైన నీళ్లలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (సువాసన లేని బ్లీచ్ ద్రవం) 10 మి.లీ. కలపండి. అంటే 50 పి.పి.ఎం. (పది లక్షల భాగాల్లో 50) క్లోరిన్. కొన్ని నిమిషాలు ఉంచి మంచినీళ్లతో మళ్లీ కడగండి. సువాసన కలిపిన బ్లీచ్, టాయిలెట్ క్లీనర్లు వద్దే వద్దు. ఈ నీళ్లలో ఏ ఆమ్లమూ కలపకండి, విషవాయువు వస్తుంది.

మామిడికి నల్లమచ్చ తెగులు బెడద ఉంటే కడిగాక 52 డిగ్రీల వేడినీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచడం మంచి పద్ధతి. 52 అంటే 52. 60కి పోతే తొక్క ఉడుకుతుంది. తర్వాత కాయ మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి.

పూర్తిగా ఆరనివ్వండి. తొడిమ గుంటలో చుక్క నీరు కూడా ఉండకూడదు. తడి కాయకు పూత అతుక్కోదు, అతుక్కున్నచోట పలచబడుతుంది.

## 4. స్టార్చ్ పూత: 5 లీటర్లకు

- ఫిల్టర్ నీళ్లు: 5 లీటర్లు
- కార్న్‌ఫ్లోర్: 100 గ్రా.
- గ్లిజరిన్: 25 గ్రా. (సుమారు 20 మి.లీ.)
- పొద్దుతిరుగుడు నూనె: 10 గ్రా.
- సోయా లెసిథిన్: 2, 3 గ్రా. (నూనె విడిపోకుండా కలిపి ఉంచడానికి)

నూనె ఎందుకని అడుగుతారు. స్టార్చ్ ఒక్కటే అయితే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది కానీ కాయలోని నీరు ఆవిరై పోవడాన్ని పెద్దగా ఆపలేదు. మన ఎండకాలంలో ముడతలే అసలు బాధ. ఆ కొద్ది నూనె దానికి సాయం.

1) అర లీటరు చల్లటి నీళ్లలో కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలపండి. వేడి నీళ్లలో నేరుగా వేస్తే ఉండలు ఖాయం.

2) మిగతా నీళ్లు స్టీలు గిన్నెలో వేడిచేసి, ఈ పాలను సన్నగా పోస్తూ కలపండి.

3) 85 నుంచి 90 డిగ్రీల మధ్య 10 నిమిషాలు ఉంచండి. గరిటె ఆపొద్దు, అడుగంటితే ఆ వాసన పోదు. తెల్లటి ద్రవం మసక పారదర్శకంగా మారితే స్టార్చ్ ఉడికినట్టు.

4) మంట ఆపి గ్లిజరిన్ వేయండి. కొద్దిగా ద్రవం పక్కకు తీసి, నూనె, లెసిథిన్‌తో మిక్సీలో తిప్పి మళ్లీ కలిపేయండి. మరీ వేడి ద్రవాన్ని మిక్సీలో మూత బిగించి తిప్పొద్దు, ఎగజిమ్ముతుంది.

5) బట్టతో వడకట్టి, 30, 35 డిగ్రీలకు చల్లారనివ్వండి.

చిక్కదనం సరిగ్గా ఉందా అంటే గరిటె ముంచి ఎత్తండి. నూలు చీరకు పెట్టే పలచటి గంజిలా జారిపోవాలి. గరిటెకు మందంగా పట్టిందంటే కాచి వడకట్టిన వేడినీళ్లు కొద్దిగా కలపండి.

ఈ ద్రవం ఆ పూటే వాడేయాలి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు వాడదామనుకోకండి. స్టార్చ్ గడ్డకట్టి నీరు విడుస్తుంది, మళ్లీ కలిసిరాదు. బయట ఉంచితే పులుస్తుంది.

## 5. ముంచడం, ఆరబెట్టడం

కాయను తొడిమ పక్కన పట్టుకుని 30 సెకన్ల నుంచి ఒక నిమిషం ముంచండి. ఎత్తి, కారేది కారనివ్వండి. జాలీ మీద ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి.

పది నిమిషాలకు ఒకసారి కొద్దిగా తిప్పండి. అడుగున చుక్కగా పేరుకున్న ద్రవం అక్కడే ఆరిపోతే అక్కడి పొర మందమవుతుంది, మచ్చలా కనబడుతుంది.

నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. తాకితే వేలికి అంటకూడదు. ఎండకాలంలో ఇది తొందరగానే అవుతుంది. అలాగని వడగాలి తగిలే చోట పెట్టొద్దు, పొర అతివేగంగా ఆరి పగులుతుంది. పొద్దున్నే చేయడం మేలు.

ఆగస్టులో ముసురు పట్టినప్పుడు పని వేరు. గాలిలో తేమ నిండా ఉంటే ఈ పొర ఆరదు, జిగట పోదు. ఆ రోజుల్లో గది మూసి, ఫ్యాన్ పెట్టి, తక్కువ సరుకుతో చేయండి. అప్పటికీ ఆరకపోతే ఆ వారానికి పూత మానేయడమే నయం.

రెండోసారి ముంచాలన్న ఆశ వద్దు. మందం పెరిగితే కాయకు ఆక్సిజన్ అందదు, లోపల పులియడం మొదలవుతుంది. సారా వాసన వచ్చేది అందుకే.

## 6. కోసిన ముక్కలకు ఆల్జినేట్

ఫంక్షన్లకు పండ్ల ముక్కలు సరఫరా చేసేవాళ్లకు ఇది ఎక్కువ పనికొస్తుంది. ఆల్జినేట్ క్యాల్షియంతో కలిస్తే గట్టి జెల్ అవుతుంది, ముక్క ఆకారం నిలుస్తుంది, రసం కారడం తగ్గుతుంది.

మొదటి గిన్నె: లీటరు ఫిల్టర్ నీళ్లు 60, 70 డిగ్రీలకు వేడిచేయండి. 15 గ్రా. ఆల్జినేట్‌ను 10 గ్రా. గ్లిజరిన్‌లో ముందు ముద్దగా కలిపి, ఆ ముద్దను నీళ్లలో వేస్తూ గిలక్కొట్టండి. పొడిగా చల్లితే పైపైన తేలి ఉండలవుతుంది. నురగ పోవడానికి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు ఉంచండి.

రెండో గిన్నె: లీటరు చల్లటి నీళ్లలో క్యాల్షియం క్లోరైడ్ 15 గ్రా., ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) 10 గ్రా. క్యాల్షియం క్లోరైడ్ కరుగుతుంటే వేడి పుడుతుంది, కాబట్టి నీళ్లలో పొడి వేయాలి, పొడిలో నీళ్లు పోయొద్దు. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఆస్కార్బిక్ ఆమ్లం జామ ముక్క నల్లబడకుండా చూస్తుంది.

ముక్కల్ని మొదటి గిన్నెలో నిమిషం, ఎత్తి కారనిచ్చి, రెండో గిన్నెలో ఒకటి రెండు నిమిషాలు. మళ్లీ కారనిచ్చి, మూత డబ్బాలో పెట్టి వెంటనే 4, 5 డిగ్రీల ఫ్రిజ్‌లోకి. రెండు గిన్నెలకూ ఒకే గరిటె వాడొద్దు. ఒక్క చుక్క క్యాల్షియం మొదటి గిన్నెలో పడ్డా అక్కడే జెల్ కడుతుంది.

ముక్క చేదుగా ఉంటే రెండో గిన్నెలో ఎక్కువసేపు ఉంచారన్నమాట. పూత ఉంది కదా అని కోసిన ముక్కల్ని బయట పెట్టొద్దు. ఫ్రిజ్ తప్పదు.

## 7. పొడి సంచులకు తినదగిన షీటు

చారు పొడిలాంటివి ఒక్కసారికి సరిపడా చిన్న సంచుల్లో పెట్టి, సంచితో సహా మరిగే చారులో వేసేయొచ్చు.

నీళ్లు 500 మి.లీ., కార్న్‌ఫ్లోర్ 25 గ్రా., గ్లిజరిన్ 7 గ్రా. పైన చెప్పినట్టే ఉడికించండి, నూనె వద్దు. వేడిగా ఉండగానే 35 సెం.మీ. చదరంగా ఉన్న రెండు నాన్‌స్టిక్ లేదా నున్నటి అక్రిలిక్ పళ్లాల్లో సమంగా పోయండి. ద్రవం లోతు 2 మి.మీ. వస్తుంది. పళ్లెం ఎటూ వాలకుండా సమతలంగా ఉండాలి, లేకపోతే ఒక పక్క కాగితం, ఒక పక్క అట్ట అవుతుంది.

40, 50 డిగ్రీల డ్రయ్యర్‌లో కొన్ని గంటలు, లేదా నీడలో రాత్రంతా. నేరుగా ఎండలో పెడితే అంచులు లేచి ముడుచుకుంటుంది. ఆరాక మూల పట్టి మెల్లగా లాగితే ఊడొస్తుంది.

ముక్కలుగా కత్తిరించి, పొడి పెట్టి, అంచుకు తడి బ్రష్ రాసి నొక్కండి. ఈ సంచి తేమను పీల్చుకుంటుంది. మరో గట్టి డబ్బాలోనే నిల్వ చేయాలి. చేత్తో పట్టుకునేది, వంటలో వేసేది ఇదే కాబట్టి బయటి దుమ్ము తగలకూడదు కూడా.

## 8. తేడా వస్తే

జిగట: పూర్తిగా ఆరలేదు, లేదా గ్లిజరిన్ ఎక్కువైంది. మళ్లీ ఫ్యాన్ కింద పెట్టండి. తర్వాతి విడతలో గ్లిజరిన్ 15 గ్రాములకు తగ్గించండి.

తెల్లగా పొట్టు లేవడం: గ్లిజరిన్ తక్కువ, లేదా స్టార్చ్ సరిగ్గా ఉడకలేదు. థర్మామీటర్ చూడండి.

పూత చుక్కలుగా విడిపోవడం: తొక్క మీద నూనె, సొన, తడి ఉన్నాయి. కడిగి, ఆరబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

పులిసిన వాసన: మందం. ఆ విడత కాయల్ని తొందరగా వాడేయండి, వచ్చే విడతకు కార్న్‌ఫ్లోర్ 75 గ్రాములకు దించండి.

తొడిమ దగ్గర బూజు: పూత తప్పు కాదు. 3వ భాగం మళ్లీ చదవండి.

## 9. నిల్వ, తూకం పరీక్ష

మామిడి, పచ్చి టమాటా 12, 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దెబ్బతింటాయి. ఇంటి ఫ్రిజ్ వాటికి చలి ఎక్కువ. జామకు 8 నుంచి 10 డిగ్రీలు సరిపోతుంది.

తోట దగ్గర ఇటుక, ఇసుకతో కట్టి నీళ్లు చల్లే పూసా శీతల గది ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. లోపల తేమ బాగా ఎక్కువ, స్టార్చ్ పూత అందులో మళ్లీ జిగటవుతుంది. ఆ గదిలో పెట్టే సరుకుకు పూత అనవసరం. దుకాణంలోనో, ప్రయాణంలోనో బయట ఉండే సరుకుకు పూత వేయండి.

పూత పనిచేస్తోందా లేదా చూడాలంటే ఒకే తోటలో ఒకే రోజు కోసిన కాయల్లో పది పూతతో, పది పూత లేకుండా పక్కపక్కనే పెట్టండి. రోజూ ఒకే సమయానికి తూచి రాయండి. పది కాయలు మొదట 2,400 గ్రా. ఉండి, తర్వాత 2,280 అయితే 5 శాతం తగ్గినట్టు. చాలా కాయల్లో ముడతలు కంటికి కనబడటం ఇంచుమించు ఆ దగ్గరే మొదలవుతుంది. మూడు రోజులకోసారి ఒక కాయ కోసి వాసన చూడండి. పోల్చడానికి పూత లేని కాయలు పెట్టకుండా 'బాగా ఉన్నాయి' అనుకుంటే అది పూత గొప్పో, ఆ వారం చల్లగా ఉండటమో తేలదు.

మామిడిని ఇథిలీన్ (కాయను పండించే వాయువు) గదిలో మగ్గబెట్టి అమ్మేవాళ్లు ముందే పూత వేస్తే పండటం ఆలస్యమవుతుంది. కొద్ది కాయలతో చూశాకే పూర్తి లాట్‌కు వెళ్లండి. ఆలస్యమైందని కార్బైడ్ పెట్టడం నేరం. చట్టం ఒప్పుకునేది ఇథిలీన్ వాయువును, అదీ 100 పి.పి.ఎం. లోపు.

## 10. అమ్మే ఉద్దేశం ఉంటే

ఇంటి వాడకానికి ఇంతవరకు చాలు. అమ్మకానికి నియమాలు వేరు. తాజా పండ్లు, కూరగాయల మీద పూతగా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నిబంధనలు పేరు పెట్టి అనుమతించినవి తేనెమైనం, కార్నాబా మైనం, షెల్లాక్. అవి కూడా అవసరమైనంత మేరకే, లేబుల్ మీద రాసి. ఈ వ్యాసంలోని స్టార్చ్, ఆల్జినేట్ పూతతో తాజా కాయలు అమ్మాలంటే సరుకు తయారుచేయక ముందే జిల్లా ఆహార భద్రత అధికారిని కలిసి, ఏం వాడుతున్నారో రాతపూర్వకంగా చూపించి అడగండి.

అమ్మే ముందు చూసుకోవాల్సినవి:

- పదార్థాల బిల్లులు, ఫుడ్ గ్రేడ్ లేబుళ్లు దాచి ఉంచారా
- పూత వేసిన తేదీ క్రేట్ మీద రాశారా
- పూతలో ఏముందో కొనేవాళ్లకు కనబడేలా ఉందా
- కైటోసాన్ అనే మరో పూత పదార్థం వాడితే అది సాధారణంగా రొయ్య, పీత పెంకుల నుంచి వస్తుందని, జెలటిన్ జంతువుల నుంచి, షెల్లాక్ లక్క పురుగు నుంచి వస్తుందని చెప్పారా (శాకాహారులకు, అలర్జీ ఉన్నవాళ్లకు ఇది తెలియాలి)
- తినే ముందు కడుక్కోమని రాశారా (నీళ్లతో రుద్దితే స్టార్చ్ పూత చాలావరకు పోతుంది)